జేజి పెట్టెలో ఉత్తరాలు: వాటికి ఏ విశేషణాలు వాడాలి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కందుకూరు దగ్గర మీ ఊళ్ళో జేజి పోయాక ఆమె ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున నలభై దాకా ఉత్తరాలు దొరికాయని రాశారు. మీ తాత మద్రాసులో హోటల్లో పని చేస్తూ 1960ల్లో, ఆ తర్వాత రాసినవని, జేజికి చదువు రాదని, వాటి మీద వ్యాసం మొదలుపెట్టి రెండో పేరాలోనే ఆగిపోయారని చెప్పారు. మూడు కార్డుల ఫొటోలు పెట్టి, "ఉత్తరాలను వర్ణించడానికి మంచి విశేషణాల పట్టిక ఇవ్వండి" అని అడిగారు. మీరు రాసిన వాక్యం ఇది: "ఆ మధురమైన, అపురూపమైన, అమూల్యమైన ఉత్తరాలు నా మనసును కదిలించాయి."

పట్టిక ఇవ్వను. ఇస్తే అందులోంచి నాలుగు ఏరుకుని ఉత్తరాల ముందు పెడతారు, వ్యాసం అక్కడే ఆగిపోతుంది. నేను నెల్లూరు జిల్లా హైస్కూళ్ళలో ముప్పైనాలుగేళ్ళు తెలుగు చెప్పాను. అంతకు ముందు, పదేళ్ళ వయసు నుంచి, కలిగిరి దగ్గర మా పల్లెలో చదువు రాని ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టాను, వచ్చినవి చదివి వినిపించాను. మీకు చెప్పబోయేది బడిలో కంటే ఆ అరుగుల మీదే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు మీ వాక్యం చూద్దాం. మధురమైన, అపురూపమైన, అమూల్యమైన. ఈ మూడు మాటలూ బాల్యం ముందు పెట్టినా సరిపోతాయి, స్నేహం ముందు పెట్టినా సరిపోతాయి, పట్టుచీర ముందు పెట్టినా సరిపోతాయి. దేనికైనా అతికే మాట మీ జేజి పెట్టెలోని ఉత్తరానికి ప్రత్యేకంగా ఏం చేసినట్టు? అవి చదివిన వాళ్ళకు మీరు ఉత్తరాలను ప్రేమించారని తెలుస్తుంది, ఉత్తరం మాత్రం కంటికి కనపడదు. పైగా తెలుగు విశేషణానికి లింగం, వచనం పట్టింపు లేదు. మంచి కార్డు, మంచి కార్డులు, మంచి మనిషి, ఏదైనా ‘మంచి’ మారదు. అందుకే ఒకదాని వెనక ఒకటి పేర్చడం మనకు మరీ సులువైపోయింది.

మన భాషలో ఇంకో రకం విశేషణం ఉంది. చదివిన, దాచిన, మడిచిన, తడిసిన, చిరిగిన, అతికించిన. బడిలో వీటిని క్రియాజన్య విశేషణాలు అని చెప్పి, పరీక్షకు రెండు ఉదాహరణలు రాయించి వదిలేస్తాం. ఉత్తరాల గురించి రాసేవాళ్ళకు ఇవే ప్రాణం. ‘మైన’తో ముగిసే మాట మీ తీర్పు చెప్తుంది. ‘ఇన’తో ముగిసే మాట ఆ కాగితానికి ఏం జరిగిందో చెప్తుంది. ఉత్తరం చేతులు మారే వస్తువు కదా. ఒకరు రాస్తారు, ఒకరు ముద్ర కొడతారు, ఒకరు సైకిలు మీద మోసుకొస్తారు, ఒకరు చదివి వినిపిస్తారు, ఒకరు దాస్తారు. ఇంతమంది చేతులు పడ్డ వస్తువును వర్ణించడానికి ఆ చేతులు చేసిన పనులే చాలు. "అపురూపమైన ఉత్తరం" అనడానికీ "నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకున్న ఉత్తరం" అనడానికీ తేడా మీరే చూడండి. రెండోదాంట్లో అపురూపం అనే మాట లేదు, అపురూపం మాత్రం ఉంది.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా ఇంట్లో దూలానికి ఒక ఇనప తీగ వేలాడేది. దాని కింది కొసకు చెక్క బిళ్ళ, పై కొస సూదిగా సాగదీసి కొక్కెంలా వంచి ఉండేది. కార్డు వస్తే మా అమ్మ నా చేత చదివించుకుని, దాన్ని తీగకు గుచ్చేది. ఏళ్ళ తరబడి అలా గుచ్చిన కార్డులు వంద దాకా ఉండేవి. అమ్మకు ఒక్క అక్షరం రాదు. అయినా పాత ఉత్తరం మళ్ళీ చదివించుకోవాలనిపిస్తే కచ్చితంగా అదే కావాలని అడిగేది. "ఆ నూనె మరక కార్డు తియ్యి నాయనా" అనేది. అది మా పెద్దక్క కాన్పు కబురు తెచ్చిన కార్డు. దీపంలో నూనె పోస్తుండగా వచ్చింది, ఆ చేత్తోనే అందుకుంది. "మూల కొరికింది" అంటే మా మామ రాసింది, మేక లాగేసిన కార్డు. "రెండు ముద్రలది" అంటే ఎక్కడికో పోయి తిరిగొచ్చి చేరింది. 1984 నవంబరు తుఫానుకు ఇల్లు కారి ఆ కార్డులన్నీ తడిస్తే, తీగ మీద నుంచి ఒక్కొక్కటే ఊడదీసి బట్టలతో పాటు దండెం మీద ఆరేసింది. ఆ తర్వాత నుంచి వాటికి ఇంకో పేరు వచ్చింది, "తుఫాను కార్డులు" అని.

ఆమె ఏ విశేషణం వాడినా ఒక కార్డును మిగతా వంద కార్డుల నుంచి వేరు చెయ్యడానికే వాడింది. విశేషణం చెయ్యాల్సిన పని అదే. మీ జేజికీ చదువు రాదన్నారు. మీరు పెట్టిన మూడు ఫొటోల్లోనూ కార్డు నడుమ చిల్లు కనిపిస్తోంది. ఆమె కూడా తీగకు గుచ్చి, ఎప్పుడో ఇల్లు మారినప్పుడో సున్నాలు వేసినప్పుడో తీసి పెట్టెలో పెట్టుకుని ఉంటుంది. మరి నలభైలో ఏది ఏదో ఆమె ఎలా గుర్తుపట్టేది? ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. మీకు కావలసిన విశేషణాలు ఆ జవాబులోనే దొరుకుతాయి.

ఇక ఒక కార్డు చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని చూడండి. "పసుపుబారిన ఉత్తరం" అని అందరూ రాస్తారు. మన పోస్టుకార్డు పుట్టుకతోనే లేత పసుపు రంగు. అది పసుపుబారిందంటే కొత్తగా చెప్పిందేమీ లేదు. తెల్ల కాగితం మీద రాసి కవర్లో పెట్టిన ఉత్తరమైతే ఆ మాట సరే. అప్పుడు కూడా గమనించి రాయండి. చవక కాగితంలో కట్టె పదార్థం ఉంటుంది, గాలీ వెలుతురూ తగిలిన చోట అది రంగు మారుతుంది. అందుకే మడిచి దాచిన కాగితం అంచుల్లో ముందు మారుతుంది, లోపలి మడత తెల్లగానే మిగులుతుంది. "అంచులు తాటాకు రంగుకు తిరిగినా లోపలి మడత ఇంకా తెల్లగా ఉన్న కాగితం" అని రాస్తే మీరు దాన్ని నిజంగా విప్పి చూశారని చదివేవాళ్ళు నమ్ముతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఇళ్ళలో పసుపు అంటిన ఉత్తరం అంటే పెళ్ళి కబురు. నాలుగు మూలలా పసుపు పూసి పంపేవాళ్ళు. "పసుపు ఉత్తరం" అని పొట్టిగా రాస్తే చదివేవాళ్ళు శుభలేఖ అనుకుంటారు.

సిరా కూడా చూడండి. నీలం నలుపు కలిసిన పాత సిరాలో ఇనుము ఉండేది. ఏళ్ళు గడిస్తే అది గోధుమ రంగుకు తిరుగుతుంది గానీ నీళ్ళకు అంత తొందరగా పోదు. మామూలు నీలం సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది. మీ రెండో ఫొటోలో ‘క్షేమం’ అనే మాట దగ్గర సిరా అలుక్కుపోయింది. అక్కడ "కన్నీటితో తడిసిన" అని రాయాలని మీకు అనిపిస్తుంది. దయచేసి రాయకండి. అది కన్నీరో, చూరు నుంచి కారిన చినుకో, చెంబు తొణికిందో మనకు తెలియదు. "అలుక్కుపోయిన ‘క్షేమం’" అని ఊరుకోండి. మిగతాది చదివేవాళ్ళు చూసుకుంటారు.

చిరునామా వైపు తిప్పండి. అది చాలామంది వదిలేస్తారు. మీ మొదటి కార్డు మీద "కందుకూరు తాలూకా, నెల్లూరు జిల్లా" అని ఉంది. మూడో దాని మీద "ఒంగోలు జిల్లా" అని ఉంది. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అంటే "ఒంగోలు జిల్లా అని రాసిన కార్డు" అన్నారంటే ఆ రెండు మూడేళ్ళ నాటిదని, తేదీ చెప్పకుండానే చెప్పినట్టు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. "పిన్‌కోడు లేని చిరునామా" అన్నా కాలం గురించి కొంత చెప్పినట్టే, ఆ తర్వాత కూడా కొందరు అది లేకుండా రాసినా. తాలూకా, జిల్లా కాక ఊరు పేరు, తాత పేరు, ‘భార్య’ అనే మాట, అంతే ఉన్న చిరునామాకు మద్రాసు నుంచి కార్డు వచ్చి చేరిందంటే, ఆ ఊరు ఎంత చిన్నదో, పోస్ట్‌మాన్‌కు ఇంటింటి మనుషులు ఎంతగా తెలుసో ఆ ఒక్క మాటలో వచ్చేస్తుంది.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. తెలుగులో రాసిన, రాయించిన, చదివిన, చదివించుకున్న అనేవి నాలుగు వేరు వేరు మాటలు. ఈ తేడా పోగొట్టుకోకండి. చాలా ఏళ్ళ కిందట మా అమ్మ గురించి ఒక పత్రికకు వ్యాసం పంపాను. "అమ్మ నాకు రాయించిన ఉత్తరాలు" అని రాస్తే, అచ్చులో "అమ్మ నాకు రాసిన ఉత్తరాలు" అని వచ్చింది. ఎవరో తప్పు దిద్దామనుకున్నారు. ఒక్క అక్షరం రాని మనిషి, నేను చదువుకు నెల్లూరు వెళ్ళాక, పక్కింటి పిల్ల ఎదుట కూర్చుని, ఆ పిల్ల ముందు చెప్పుకోలేని మాట మింగేసి, చెప్పగలిగినంత చెప్పి రాయించిన ఉత్తరాలవి. ఆ ఒక్క మార్పుతో ఆమె బతుకే మారిపోయింది. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే బాధగా ఉంటుంది. మీ తాత రాసినవి మీ జేజి చదవలేదు, చదివించుకుంది. ఎవరి చేత? ఆ మనిషి ముందు తాత ఏ మాట రాయగలడు, ఏది రాయలేడు? ‘చదివించుకున్న ఉత్తరాలు’ అన్న మాట మీరు వాడితే ఈ ప్రశ్నలన్నీ వ్యాసంలోకి నడిచొస్తాయి.

అలాగే ‘ని’తో వచ్చే మాటలు. విప్పని కవరు, అందని ఉత్తరం, జవాబు రాయని కార్డు. జరగని పనిని విశేషణంగా పెట్టే ఈ సౌకర్యాన్ని మనం తక్కువగా వాడుతున్నాం. నాకు పన్నెండేళ్ళప్పుడు మా వీధిలో ఒకామె, బిట్రగుంట లోకోషెడ్డులో పని చేసే మొగుడికి కార్డు రాయించుకుంది. "ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలుపెట్టి, గేదె ఈనిందని, పిల్లకు జ్వరం తగ్గిందని చెప్పి, చివర "మీరు వచ్చేది ఉందా లేదా" అని అడిగింది. రాశాను. మళ్ళీ చదవమంది, చదివాను. కాసేపు కార్డు చేతిలో పట్టుకుని కూర్చుంది. "ఉండనీ అబ్బయ్యా, రేపు వేద్దాం" అని గూట్లో పెట్టింది. తర్వాత ఎన్నోసార్లు వాళ్ళింటికి వెళ్ళాను, ఆ కార్డు గూట్లోనే ఉంది. దాని గురించి రాయాల్సి వస్తే "పోస్టు చెయ్యని కార్డు" అంటాను. "విషాదభరితమైన" అన్న మాట దాని దరిదాపులకు రానివ్వను.

కొన్నిసార్లు విశేషణంగా ఒక నామవాచకం చాలు. రిజిస్టర్ ఉత్తరం అనగానే సంతకం, కోర్టు, భూమి తగాదా గుర్తుకొస్తాయి. బేరింగ్ ఉత్తరం అంటే స్టాంపు లేకుండా పంపింది, అందుకున్నవాళ్ళు రెట్టింపు కట్టి తీసుకోవాల్సింది. "బేరింగ్ ఉత్తరం వచ్చింది" అనగానే ఇంట్లో అందరి ముఖాలూ మారేవి. ఇన్‌లాండ్ లెటర్ 1950లో వచ్చింది, నీలం రంగు కాగితం, మడిచి అతికించి పంపేది. కార్డును దారిలో ఎవరైనా చదవొచ్చు, ఇన్‌లాండ్‌ను చదవలేరు. మీ తాత నలభైలో ఎన్ని కార్డులు, ఎన్ని ఇన్‌లాండ్‌లు? ఏ నెలలో ఇన్‌లాండ్ కొన్నాడు? ఆ నెల ఏదో దాచి చెప్పాల్సిన మాట ఉండే ఉంటుంది. అక్కడ "అతికించిన ఇన్‌లాండ్" అన్న రెండు మాటలు చాలు.

చేతిరాత గురించి తొందరగా చెప్తాను. ముత్యాల్లాంటి అక్షరాలు అని రాయకండి, అరిగిపోయింది. మీ తాత రాత గొలుసుకట్టు, కరణాలు రాసినట్టు కలం ఎత్తకుండా సాగింది. తలకట్లు సగం లేవు, ఒత్తులు కింది వరుసలోకి దిగాయి. చోటు చాలక చివరి రెండు వాక్యాలు అంచు వెంట నిలువుగా రాశాడు. "అంచు వెంట ఎక్కిన మాటలు" అనొచ్చు. కార్డు మీద చోటు లేకపోవడం, చెప్పాల్సింది మిగిలిపోవడం రెండూ అందులో ఉన్నాయి.

ఇక ఉత్తరంలో ఉన్న మాటల తీరు. దీనికి మన వాడుకలో ఎంత సంపద ఉందో చూడండి. ముక్తసరి ఉత్తరం, నిష్ఠూరపు ఉత్తరం, చాంతాడంత ఉత్తరం, నాలుగు ముక్కల కార్డు, గదమాయించే ఉత్తరం, బతిమాలే ఉత్తరం, బుజ్జగించే ఉత్తరం. వీటిలో ‘ప్రేమపూర్వకమైన’ అనే మాటలో ఉన్నంత బరువు ఉండదు, మనిషి గొంతు ఉంటుంది. మీ మొదటి ఫొటోలో తాత ఇలా రాశాడు: "వానలు పడినవా. ఎర్రావుకు మందు పోయించితిరా. పెద్దోడిని బడి మాన్పించవద్దు. నెలాఖరుకు 20 రూపాయలు మనియార్డరు చేయుదును." దీన్ని మధురమైన ఉత్తరం అంటే అబద్ధమవుతుంది. ఇది నాలుగు ముక్కల కార్డు. ఆ నాలుగు ముక్కలూ యథాతథంగా రాసేయండి. రాశాక వాటి పక్కన ఏ విశేషణమూ పెట్టకండి.

ఉత్తరం అన్న మాటను బట్టి కూడా ఎంపిక మారుతుంది. లేఖ అంటే సంస్కృత పదం, దానికి సుదీర్ఘమైన, జీర్ణమైన లాంటివి నప్పుతాయి. ఉత్తరం, జాబు, కార్డు అన్నప్పుడు బారెడు, చివికిన, నలిగిన అనాలి. "చివికిన లేఖ" అంటే చెవికి గరగరమంటుంది. మీ ఇంట్లో వీటిని ఏమనేవారో అదే మాట వ్యాసమంతా ఉంచండి. మా వైపు కాగితం ఏదైనా ‘జాబు’ అనే పెద్దవాళ్ళు ఎక్కువ.

ఒక హెచ్చరిక. ‘ఇన’ విశేషణాలు బాగున్నాయని మూడు నాలుగు వరసగా పెడితే వాక్యం రైలుపెట్టెల్లా అయిపోతుంది, చదివేవాళ్ళకు ఊపిరాడదు. పేరు ముందు ఒకటి, మహా అయితే రెండు. మిగతావి క్రియలుగా విడగొట్టి చిన్న వాక్యాలు చెయ్యండి. అర్థం తారుమారు కాకుండా కూడా చూసుకోండి. మీ మొదటి పేరాలో "మద్రాసు నుంచి వచ్చిన తాత ఉత్తరం" అని ఉంది. వచ్చింది తాతా, ఉత్తరమా? "తాత మద్రాసు నుంచి రాసిన ఉత్తరం" అంటే పేచీ లేదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా మొదలుపెడతాను. మీ సంగతులు మీకే బాగా తెలుసు గనక మార్చుకోండి: "జేజి పెట్టె అడుగున నలభై ఉత్తరాలు దొరికాయి. ప్రతిదానికీ నడుమ చిల్లు ఉంది. తీగకు గుచ్చి, మళ్ళీ ఎప్పుడో తీసి, చీర మడతలో పెట్టినవి. జేజికి చదువు రాదు. ఒక్కొక్కటీ ఎవరి చేతనో చదివించుకున్నదే. అన్నిటికంటే నలిగిన కార్డు మీద ఒంగోలు జిల్లా అని ఉంది." ఇందులో మధురం లేదు, అమూల్యం లేదు. ‘నలిగిన’ ఒక్కటే గట్టిగా నిలబడే విశేషణం, దాన్ని కూడా నలభైలో ఒక్క కార్డుకే పెట్టాను.

ఇంకో చిన్న మాట. మడతల దగ్గర చిరిగిన కాగితాలకు సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు కొన్నేళ్ళకు గోధుమ రంగు మరకై కూర్చుంటుంది. అన్నిటికీ రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీరు పెట్టిన మూడో ఫొటో ఇంకా నా ముందే ఉంది. ఒంగోలు జిల్లా కార్డే అది. అందులో కింది నుంచి రెండో వరుసలో ఒక మాట కొట్టేసి ఉంది. తాత అంత కాలం రాసిన తీరు చూస్తే కొట్టివేతలు చేసే మనిషిలా లేడు. ఫొటోలో ఎంత పెద్దది చేసినా నాకు మొదటి అక్షరం ‘వ’ అని మాత్రమే అందుతోంది. పొద్దున ఎండలో కార్డును వెనక నుంచి వెలుగు పడేలా పట్టుకుని చూడండి, కలం ఒత్తిన గీత వెనకవైపు తేలొచ్చు. వచ్చుచున్నాను అని రాసి కొట్టేశాడా, వద్దు అని రాసి కొట్టేశాడా? చదవగలిగితే ఆ పేరాను ‘కొట్టేసిన మాట’తో మొదలుపెట్టండి, నాకూ రాయండి.